పోలమ్మ కుక్క

నాగపూరు
12-2-1969

అన్నయ్యకు రత్తమ్మ నమస్కారాలు.

ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి నేను ఎక్కడికి పోయానో ఎవరో ఒకరు నీకు చెప్పే ఉంటారు. వాళ్ళు చెప్పినదానికంటే నేను రాసింది నమ్ము.

ఈ నెల మూడో తేదీన తెనాలి రిజిస్ట్రారు ఆఫీసులో నేనూ జకరయ్యా పెళ్ళి చేసుకున్నాం. నెల ముందే మా పేర్లు కాగితం మీద రాసి గోడకి అంటించారు. తెనాలి గోడ మీద రాసింది రేపల్లెలో ఎవరు చదువుతారు? జకరయ్య నీకు తెలియని మనిషి కాదు. మా నిజాంపట్నం నుంచి నీ పార్సెలాఫీసుకి చేపల గంపలు తోలిన లారీ డ్రైవరు, చెరుకుపల్లి మనిషి. రెండేళ్ళు నువ్వే రసీదులు రాసిచ్చావు. ఇప్పుడు తెనాలిలో బోర్లు వేసే కంపెనీలో చేరాడు. రాజస్థాన్‌లో వానలు లేక కరువట, అక్కడ బోర్లు వెయ్యాలని కంపెనీ వాళ్ళు మిషనుని ముందే పంపారు. వెనక ఇనుప గొట్టాలు వేసుకుని మా లారీ పోతోంది. క్లీనరు లేడు. చక్రం కింద రాయి పెట్టడం, రేడియేటరులో నీళ్ళు పొయ్యడం, గాజు తుడవడం, అన్నీ నేనే.

నీకు చెప్పకుండా ఎందుకు వచ్చానంటావు. చెబితే నువ్వు వద్దనవు. "చూద్దాంలే, ఈ ఏడు పోనీ" అంటావు. నన్ను కట్టుకున్న ఏడుకొండలు సముద్రంలో పోయి మూడేళ్ళు దాటింది. మూడేళ్ళుగా నేను ఏ మాట ఎత్తినా నువ్వు అదే అన్నావు. మన కులంలో మారుమనువు తప్పు కాదని ఊళ్ళో నలుగురికి నువ్వే చెబుతావు, నా దగ్గరకొచ్చేసరికి ఈ ఏడు పోనీ అంటావు.

కుక్క కూడా మాతోనే ఉంది, మన సరంగు. మా ఇద్దరి మధ్యా కూర్చుని దారి చూస్తోంది, ఒకప్పుడు ఏడుకొండలు పడవ ముందు అది కూర్చున్నట్టే. వార్ధా నది దగ్గర ఎవరో "కుక్కని అమ్ముతారా" అని అడిగారు. జకరయ్య "అది ఓనరు, మేం పనివాళ్ళం" అన్నాడు.

జవాబు బాడ్మేరు పోస్టుమాస్టరు గారి పేర రాయి. రాజస్థాన్ అని స్పష్టంగా రాయి. వదినకి పంటిపోటు తగ్గిందా?

రత్తమ్మ


రేపల్లె
27-2-1969

చిరంజీవి రత్తమ్మకు,

ఉభయకుశలోపరి అని అలవాటుగా రాయబోయి ఆగాను. ఇక్కడ కుశలం ఏమీ లేదు.

నువ్వు వెళ్ళిన మూడో రోజు నుంచి మీ అత్త పోలమ్మ రోజూ నిజాంపట్నం నుంచి మొదటి బస్సుకి వచ్చి నా పార్సెలాఫీసు గుమ్మంలో కూర్చుంటోంది. "నా కోడలు పోతే పోయింది, నా కొడుకు పెంచిన కుక్కని ఎత్తుకుపోయింది" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెబుతోంది. రైలెక్కే వాళ్ళు ఆగి మరీ వింటున్నారు. స్టేషన్ మాస్టారు నన్ను పిలిచి "ఏంటయ్యా సింగరయ్యా, ఇది" అన్నారు.

నీ పెళ్ళి గురించి నేను రాయను. అయిపోయిన దానికి ఎదురు రాయడం చేతగానివాడి పని. అయితే ఒక్కటి అడుగుతాను. ఏడుకొండలు పడవ సూర్యలంకలో ఒడ్డుకు కొట్టింది. బాపట్ల నుంచి నువ్వూ నేనూ నడిచిపోయి చూశాం. పడవ దొరికింది గాని మనిషి దొరకలేదు. మనిషి దొరకనప్పుడు పోయాడని ఎవరు చెప్పగలరు? నువ్వు తెనాలిలో సంతకం పెట్టి చెప్పేశావు.

కుక్క ఆ ముసలిదానిది. దాన్ని వెనక్కి పంపు. జోధ్‌పూరు నుంచి బ్రేకు వ్యానులో కుక్కల పెట్టె ఉంటుంది. మెడకి గట్టి పట్టా కట్టి, చీటీ మీద "రేపల్లె, వయా తెనాలి" అని రాస్తే చాలు. ఢిల్లీలోనూ బెజవాడలోనూ బండి మార్చేటప్పుడు నీళ్ళు పెట్టమని నేను ఉత్తరాలు రాస్తాను. దారి పొడుగునా మా శాఖవాళ్ళే కదా.

ఆ డ్రైవరుకి నా తరఫున చెప్పవలసింది ఏమీ లేదు.

సుందరమ్మ పన్ను పీకించాం. కుక్క సంగతి వెంటనే రాయి.

నీ అన్న
సింగరయ్య


బాడ్మేరు
25-3-1969

అన్నయ్యకు,

నీ ఉత్తరం పోస్టాఫీసులో పదిరోజులుగా నా కోసం పడి ఉంది. నా పేరు ముందు 'సౌభాగ్యవతి' అని రాయలేదు నువ్వు. చూశాను. సరే.

కుక్కని పంపను. ఎందుకని అడగవద్దు, నేను చెప్పలేను. దొంగతనం మాత్రం కాదు, అంతవరకు నమ్మితే నమ్ము.

ఇక ఈ దేశం సంగతి. జోధ్‌పూరు దాటాక తారురోడ్డు కొంతదూరం మనతో వచ్చి తర్వాత ఇసుకలో మునిగిపోతుంది. ముందు పోయిన బండి చక్రాల గీత పట్టుకుని పోవాలి. గాలి వీస్తే ఆ గీత కూడా ఉండదు. మెత్తటి ఇసుక వస్తే జకరయ్య దిగి టైర్లలో సగం గాలి తీసేస్తాడు. నేను ముందు గోనెపట్టాలు పరుస్తాను, బండి వాటి మీదుగా నాలుగు గజాలు పోతుంది, వెనక పట్టాలు తీసి పరుగెత్తి మళ్ళీ ముందు వేస్తాను. సరంగు నాతోపాటు ముందుకీ వెనక్కీ పరుగెడుతుంది, అది కూడా పని చేస్తున్నాననుకుంటుంది.

ఇక్కడ చెట్టంటే ఒక్కటే చెట్టు. దగ్గరికి పోయి చూస్తే మన జమ్మిచెట్టు. పిలిస్తే పలుకుతుందేమో అనిపించింది. కాయలు ఎండబెట్టి కూర వండుకుంటారు. ఆడవాళ్ళు నెత్తిన మూడు కుండలతో ఆరేడు మైళ్ళు పోయి నీళ్ళు తెస్తారు. మేము వేసిన మొదటి బోరులో నీళ్ళు పడ్డాయి. పల్లెంతా చుట్టూ చేరింది. ఒక ముసలాయన దోసిట పట్టి తాగి ఉమ్మేశాడు. ఉప్పు నీళ్ళు. నేనూ నోట్లో పోసుకుని చూశాను, మన నిజాంపట్నం సముద్రం ఎంత ఉప్పో అంత. వాళ్ళు మమ్మల్ని ఏమీ అనలేదు. ఆ ముసలాయనే మాకు మజ్జిగ ఇచ్చాడు.

జకరయ్య మంచి మనిషి అన్నయ్యా. తక్కువ మాట్లాడతాడు. నేను ఏడుకొండలు మాట ఎత్తితే మొహం తిప్పుకోడు, చివరిదాకా వింటాడు.

అత్తకి నా దండాలు చెప్పు. ఎలా ఉందో రాయి. గుమ్మంలో కూర్చుంటే కసరకు, కాఫీ ఇప్పించు.

రత్తమ్మ


రేపల్లె
14-4-1969

రత్తమ్మకు,

'చెప్పలేను' అని రాశావు. నేను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించిన చేత్తో నాకే రాశావు. సరే.

పోలమ్మత్తకి జ్వరం పట్టుకుంది. నిజాంపట్నంలో చూసేవాళ్ళు లేరని మా ఇంటికి తీసుకువచ్చాం. సుందరమ్మ గంజి కాచి పోస్తోంది. కోడలు చేయవలసిన పని నా భార్య చేస్తోందని నేను అనడం లేదు. ఊరు అంటోంది.

నువ్వు తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. పోయిన ఆదివారం చెరుకుపల్లి వెళ్ళాను. అక్కడ బస్సు దిగిన చోట కాఫీ హోటల్లో జకరయ్య అనే లారీ డ్రైవరు ఇల్లు ఎక్కడని అడిగాను. హోటలాయన లోపలికి చూసి "ఎవరూ, మన ధనమ్మ మొగుడేనా?" అన్నాడు. లోపల ఎవరో "ఆ, అతనే, అరవై కిలోమీటర్లకి తక్కువ తోలడు" అన్నారు. నేను కాఫీ తాగకుండానే లేచి వచ్చేశాను.

నీకు మళ్ళీ విడమరిచి చెప్పాలా? ఆ మనిషికి చెరుకుపల్లిలో పెళ్ళాం ఉంది. రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టేటప్పుడు ఆ సంగతి చెప్పాడా? నిన్ను దేశం చివరికి తీసుకుపోయింది ఎందుకో ఇప్పుడు అర్థమవుతోందా?

ఉన్నపళంగా బయల్దేరి రా. నీకు మాట రాని దేశం, వచ్చే దారి కింద రాస్తున్నాను. బాడ్మేరులో ఎక్కు, జోధ్‌పూరులో మారు, ఢిల్లీలో దక్షిణాది బండి ఎక్కితే బెజవాడలో నేను ఉంటాను. ఏ రోజో టెలిగ్రాం ఇవ్వు.

సింగరయ్య


బాడ్మేరు
20-5-1969

సింగరయ్య గారికి,

మీ ఉత్తరం ఈ నెల తొమ్మిదో తేదీన అందింది. ఇకమీదట నాకు రాయవద్దు. ఎందుకో చెప్పి ఆపేస్తాను.

ఆ ఉత్తరం రవికలో పెట్టుకుని పదో తేదీ పొద్దున్నే లారీ ఎక్కాను. బోరు వేసే చోటు బాడ్మేరుకి డెబ్బై మైళ్ళు. సగం దారి పోనిచ్చాను. తర్వాత అడిగాను.

"ధనమ్మ ఎవరు?"

ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. "ఎవరు చెప్పారు?"

"మా అన్న రాశాడు."

"ఏమని?"

"నీ పెళ్ళామని."

"అవును" అన్నాడు.

బండి ఆపమన్నాను. "ఇక్కడ ఆపితే కూరుకుపోద్ది. గట్టినేల వచ్చిందాకా ఆగు" అన్నాడు. నేను తలుపు తీయబోయాను. ఆయన ఒక చేత్తో నా రెక్క పట్టుకుని అప్పుడు చెప్పాడు. "పోయింది రత్తమ్మా. అరవై రెండులో పోయింది. కాన్పులో. బిడ్డ కూడా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఏడుకొండలు సంగతి చెప్తావు, నేను వింటాను. నాది కూడా తెచ్చి నీ నెత్తిన పెట్టడం ఎందుకనుకున్నా."

ఆ మాట అంటూ నా మొహంలోకి చూశాడు. అంతసేపు దారి మీద ఉన్న కళ్ళు ఒక్క క్షణం తిప్పాడు. ముందు చక్రాలు గుంత దాటాయి, వెనకవి దాటలేదు. కింద పెద్ద చప్పుడైంది. దిగి చూస్తే యాక్సిల్ విరిగిపోయింది. గొట్టాల బరువంతా దాని మీదే కదా.

దగ్గర పల్లె పద్నాలుగు మైళ్ళు. ఇద్దరం నడిచిపోదామన్నాడు. నేను అటు తిరిగి కూర్చున్నాను. ఆ రోజంతా ఎవరైనా వస్తారని చూశాం, ఒక్క బండి రాలేదు. మర్నాడు తెల్లవారుతూనే ఆయన ఒక సీసా నీళ్ళు తీసుకుని, డబ్బా నీళ్ళు నాకు వదిలి, "బండి నీడ వదిలిపెట్టకు. వెళ్ళొస్తా" అన్నాడు. నేను పలకలేదు. సరంగు ఆయన వెంట కొంతదూరం పోయి ఆగి, నా వైపు చూసి, తిరిగి వచ్చేసింది.

ఆ రెండు పగళ్ళు ఎలా గడిచాయో రాయడం నాకు చేతకాదు. గాలి లేచి ఇసుక మీద పడితే కళ్ళు తెరవలేకపోయాం. కుక్క లారీ కింద కాళ్ళతో గొయ్యి తవ్వుకుని చల్లటి ఇసుకలో పడుకుంది. దాన్ని చూసి నేను కూడా పక్కన గొయ్యి తవ్వుకుని పడుకున్నాను. డబ్బా నీళ్ళు మొదటిరోజుకే అడుగంటాయి. రెండోరోజు రేడియేటరు విప్పి ఆ తుప్పునీళ్ళు గుడ్డలో వడగట్టుకుని తాగాను, సరంగుకీ పోశాను. అది నాకేసి చూసి చూసి తాగింది. దాని అరికాళ్ళు కాలిపోతే చీర చెంగు చింపి కట్టాను.

నేను అక్కడ పడుకుని అనుకున్నది ఒక్కటే. ఒకడు నీళ్ళలోకి పోయాడు, ఇంకొకడు ఇసుకలోకి పోయాడు, ఈసారి వెళ్ళొస్తానన్న మనిషికి నేను 'ఊ' అని కూడా అనలేదు. నువ్వు రాసిన నాలుగు ముక్కలు పట్టుకుని అనలేదు.

రెండోరోజు పొద్దు వాలాక సరంగు లేచి చెవులు నిక్కించింది. చాలాసేపటికి ఒంటెలు కనిపించాయి. ఒకదాని మీద ఆయన్ని ధాన్యం బస్తాలాగా వేసి తెచ్చారు. కాళ్ళు బొబ్బలు, పెదవులు చిట్లిపోయి నెత్తురు. ఆయన దారి తప్పి పద్నాలుగు మైళ్ళకి పాతిక మైళ్ళు నడిచాడు. నన్ను చూసి "నీళ్ళున్నాయా?" అని అడిగాడు. అంతే.

చెరుకుపల్లిలో ఇంకొక్క మాట ఎక్కువ అడిగి ఉంటే, ఆ కాఫీ కాస్త తాగి ఉంటే, ధనమ్మ ఎక్కడుందని కనుక్కుని ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఆయన నాకు చెప్పకపోవడం తప్పే, దానికి ఆయనతో నేను పోట్లాడుకుంటాను. అది మా ఇద్దరి మధ్య. నువ్వు మాత్రం ఇక రాయవద్దు. నేనూ రాయను.

అత్తకి జ్వరం తగ్గాలని మొక్కుకుంటున్నాను.

రత్తమ్మ


బాడ్మేరు
6-7-1969

అన్నయ్యా,

రాయనని రాశాను. రాస్తున్నాను.

నిన్న బజారులో ఒక జవాను తెలుగు మాట విని మా వెనకే వచ్చాడు. ప్రకాశం అట, బాపట్ల దగ్గర కర్లపాలెం అబ్బాయి. "మీది ఏ ఊరండి" అన్నాడు. రేపల్లె అన్నాను. అతని మొహం మారిపోయింది. "మీవాళ్ళంతా బాగున్నారాండి?" అన్నాడు. ఎందుకలా అడుగుతున్నావన్నాను. మే నెలలో తుఫాను వచ్చిందని, రేపల్లె వైపంతా నీళ్ళేనని, వాళ్ళ ఇంటి కప్పు ఎగిరిపోయిందని, ఇంటి దగ్గర్నుంచి ఉత్తరం రావడానికే నెల పట్టిందని చెప్పాడు. ఇక్కడ తెలుగు పేపరు రాదు. మాకు ఎవరూ చెప్పలేదు. నేను నీకు రాయవద్దని రాసింది మే ఇరవయ్యో తేదీన. తుఫాను పందొమ్మిదిన అట.

నువ్వూ వదినా ఎలా ఉన్నారు? అత్త ఎక్కడ ఉంది? ఒక్క కార్డు ముక్క రాయి. కోపం ఉంటే కోపంగానే రాయి. టెలిగ్రాఫు ఆఫీసుకి పోయి తంతి ఇస్తానని జకరయ్య బయల్దేరాడు, ఆయన కాళ్ళు ఇంకా మానలేదు. ఇక్కడి జనం రోజూ ఆకాశం చూసి వాన కోసం దణ్ణం పెడుతున్నారు. నిన్నటి నుంచి నాకు వాళ్ళతో కలిసి దణ్ణం పెట్టడానికి చేతులు రావడం లేదు.

రత్తమ్మ


రేపల్లె
29-7-1969

చి. సౌ. రత్తమ్మకు, నీ అన్న సింగరయ్య దీవించి రాయునది.

నేనూ సుందరమ్మా బతికే ఉన్నాం. ముందు అది చదువుకో. తర్వాతది నెమ్మదిగా చదువు. జకరయ్య ఇచ్చిన తంతి అందింది, జవాబు రెండు ముక్కల్లో చెప్పేది కాదని ఉత్తరమే రాస్తున్నాను.

నీ మే నెల ఉత్తరం నాకు జూన్ పదిహేనున అందింది. అప్పటిదాకా తపాలా లేదు. పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు లేవు. అది చదివి కలం తీశాను. రాయవద్దన్నావు కదా అని మళ్ళీ పెట్టేశాను. చెరుకుపల్లిలో నేను చేసింది తప్పు. మొన్న మళ్ళీ వెళ్ళాను. అదే హోటలాయన "ధనమ్మ పోయి ఏడేళ్ళయిందండి, ఆ ఇంట్లో ఎవరూ లేరు" అని చెప్పాడు. నేను అడగడానికి వెళ్ళలేదు రత్తమ్మా, పట్టుకోవడానికి వెళ్ళాను. దొరికిందనుకుని వచ్చేశాను.

తుఫాను సంగతి. పదిహేడు సాయంత్రం గాలి మొదలైంది. పద్దెనిమిదికి మా ఇంటి పడమటి గోడ పడిపోయింది. సుందరమ్మనీ పోలమ్మత్తనీ తీసుకుని స్టేషనుకి వచ్చేశాను. ఊళ్ళో సగం మంది అక్కడే చేరారు. పార్సెలాఫీసులోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. అత్తని పార్సెళ్ళు తూచే కాటా మీద కూర్చోబెట్టాను, అదొక్కటే ఎత్తు. రెండు రోజులు ఆవిడ ఆ కాటా మీదే ఉంది. నానిన బియ్యం నమిలాం. ఎవరికీ ఏడవడానికి ఓపిక లేదు.

అప్పుడు అత్త నన్ను పిలిచింది. "సింగరయ్యా, కుక్కని నేనే ఇచ్చానురా" అంది.

నాకు అర్థం కాలేదు. "ఎవరికి?"

"రత్తమ్మకి. దాన్ని పొమ్మన్నదీ నేనే. ఎన్నాళ్ళని ఒడ్డున కూర్చోబెట్టను దాన్ని? లారీ దాకా వచ్చి ఎక్కనని నిలబడిపోయింది. అప్పుడు కుక్కని ఎత్తి లోపల పడేశా. 'ఇప్పుడు ఎక్కు' అన్నా."

"మరి నా గుమ్మంలో కూర్చుని ఆ ఏడుపేంటి?"

"తల్లే ఒప్పేసుకుందంటే కొడుకు పోయినట్టేగా. ఊరు ముందు నేను ఆ మాట అనలేను. అందుకని కుక్క కోసం ఏడ్చా. ఎవరికీ చెప్పొద్దని దానిచేత ఒట్టేయించుకున్నా."

నువ్వు 'చెప్పలేను' అని ఎందుకు రాశావో నాకు ఆ నీళ్ళలో నిలబడి తెలిసింది.

ఇది రాయడం కష్టంగా ఉంది. అత్త లేదు. నీళ్ళు తీశాక జ్వరం తిరగబెట్టింది. జూన్ ఇరవై మూడున మా ఇంట్లోనే పోయింది. కొడుకు చేయవలసినవన్నీ నేనే చేశాను. పోయే ముందురోజు "అక్కడ చేపలు దొరకవంటగా, కుక్క ఏం తింటందిరా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. కనుక్కో అంది.

ఇంకొక సంగతి ఉంది. అత్త తనది చెప్పేసి పోయింది. నాది నేను చెప్పకపోతే ఈ ఉత్తరం అబద్ధం అవుతుంది.

అరవై అయిదు నవంబరులో, ఏడుకొండలు చివరిసారి వేటకి పోయే ముందురోజు, గంపలు దించడానికి ఆఫీసుకి వచ్చాడు. "మబ్బు బాగాలేదు, రేపు పోను" అన్నాడు. మర్నాడు మద్రాసు బండిలో వ్యాను ఖాళీగా ఉంది. రొయ్యలు పంపితే నా స్టేషనుకి పేరు వస్తుందని నాకు ఆశ. నేను అన్నాను, "నేల మీద నిలబడి మబ్బు చూసి భయపడితే సముద్రం మీద బతికేవాడివి ఎట్టా అయ్యావు బావా?" నవ్వుతూనే అన్నాను. అతనూ నవ్వాడు. మర్నాడు పోయాడు.

ఆ మాట విన్నవాళ్ళు ఎవరూ లేరు. నువ్వు ఎదురుచూస్తున్నంతకాలం అతను పోలేదు. అతను పోకపోతే నేను ఏమీ చేయనట్టే. ఈ ఏడు పోనీ, ఈ ఏడు పోనీ అని నేను నీతో అన్నది అందుకు. నీ మీద ప్రేమ అని అనుకున్నాను, ఊరికీ అలాగే చెప్పాను. నువ్వు తెనాలిలో సంతకం పెట్టిన రోజున అతను పోయాడు. నాకు నీ మీద వచ్చిన కోపం అదే.

నాకు జవాబు రాయకపోయినా నేను అడగను. జకరయ్య బావకి నా నమస్కారాలు చెప్పు. కాళ్ళకి కొబ్బరినూనె రాయించు.

సింగరయ్య


బాడ్మేరు
4-11-1969

అన్నయ్యకు,

నీ ఉత్తరం ఆగస్టులో అందింది. మూడు నెలలు జవాబు రాయలేదు. దారిలో పోయిందని నువ్వు అనుకోకూడదని ఇది ముందు రాస్తున్నాను. పోలేదు, అందింది, ఎన్నిసార్లు చదివానో తెలియదు.

అత్త కోసం ఏడ్చాను. ఇక్కడి ఆడవాళ్ళు నలుగురు వచ్చి, ఎవరు పోయారో ఏమిటో భాష తెలియకపోయినా, నా పక్కన కూర్చుని ముసుగులు దించుకుని ఏడ్చారు. కుక్క ఏం తింటుందని అత్త అడిగింది. సజ్జరొట్టె మజ్జిగలో నానబెడితే తింటుంది. మొదట్లో మొహం తిప్పుకుంది, ఇప్పుడు అదే కావాలంటుంది. ఆవిడ ఉండగా నేను రాయవలసింది.

ఇప్పటికి ఏడు బోర్లు వేశాం. రెండింటిలో తాగే నీళ్ళు పడ్డాయి. మార్చిలో ఉప్పునీళ్ళు ఉమ్మేసిన ముసలాయన పల్లెలోనే మళ్ళీ వేస్తే పడింది. జకరయ్యకి ఎడమకాలు కొంచెం ఈడుస్తుంది. లారీ మాత్రం తోలుతున్నాడు. ధనమ్మ గురించి అడిగితే ఇప్పుడు చెబుతున్నాడు, అడిగినంతవరకే. మెల్లగా అడుగుతున్నాను.

ఇక నీ సంగతి. నువ్వు అన్న మాటకే ఏడుకొండలు పోయాడా, తనే పోదామనుకుని పోయాడా, నాకు తెలియదు. నీకూ తెలియదు. ఆ మాటకి నేను నిన్ను ఏమీ అనలేకపోతున్నాను, అలాంటి మాటలు ఒడ్డున అందరూ అంటారు. కానీ మూడేళ్ళు దాచావు. మా ఇంటికి వచ్చి నేను వడ్డించిన అన్నం తింటూ, అతను వస్తాడులే అని నాతో అంటూ, దాచావు. నేను రోజూ ఒడ్డుకి పోతుంటే చూస్తూ ఊరుకున్నావు. నా మూడేళ్ళు నీ మాటని కప్పడానికి వాడుకున్నావు.

జకరయ్యకి ఉత్తరం చదివి వినిపించాను. అంతా విని "చెప్పాడుగా" అన్నాడు. "మీరిద్దరూ ఒకటే, చెప్పాల్సింది అంతా అయిపోయాక చెప్తారు" అన్నాను. ఆయన లేచి బయటికి పోయాడు. సాయంత్రం వచ్చి "మీ అన్నకి రాయి. రాయకుండా ఉంటే నువ్వూ మాలాంటిదానివే అవుతావు" అన్నాడు.

కోపం పోయాక రాద్దామని ఆగాను. పోయేట్టు లేదు. అందుకని ఉండగానే రాస్తున్నాను.

నీకు రైల్వే పాసు వస్తుంది కదా. డిసెంబరులో ఇక్కడ ఎండ ఉండదు, చలి ఉంటుంది, దుప్పటి తెచ్చుకో. వదినని కూడా తీసుకురా. జోధ్‌పూరు నుంచి వచ్చే చిన్న బండి పొద్దున బాడ్మేరులో ఆగుతుంది. స్టేషనుకి ఆయన వస్తాడు. నేను రాను. ఇంటికి వచ్చాక అన్నం వండి పెడతాను. నీతో మాట్లాడతానో లేదో ఇప్పుడే చెప్పలేను.

ఇక్కడ మంచి బియ్యం దొరకవు. రెండు కుంచాలు తీసుకురా.

రత్తమ్మ